నవ్వించే పెద్దాయన పోయాక ఆ ఇంట్లో: ఒక కేస్ స్టడీ

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, రాసింది వాళ్ళకి చదివి వినిపించాను కూడా. పేర్లు లేవు, వయసులూ ఉద్యోగాలూ అటూ ఇటూ మార్చాను, వైజాగ్‌లో ఇలాంటి ఇళ్ళు వీధికి రెండుంటాయి కాబట్టి ఎవరో అని వెతుక్కోకండి. నేను ఎంవీపీ కాలనీ వైపు ఒక చిన్న గదిలో కౌన్సిలింగ్ చేస్తుంటాను. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, మంచి పని చేస్తున్నాననుకుంటూ చేసిన తప్పు, కొత్తగా ఈ పనిలోకొచ్చిన పిల్లలు అది మళ్ళీ చెయ్యకుండా ఉంటే చాలు.

ఇల్లు, మనుషులు

ఆయన్ని పెద్దాయన అనే రాస్తాను. డెబ్బై దాటాయి. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యారు, గాజువాక వైపు సొంతిల్లు, కింద వాటాలో ఆయనా భార్యా, పై వాటాలో పెద్దకొడుకూ కోడలూ తొమ్మిదేళ్ళ మనవడూ. కూతురు హైదరాబాదులో, చిన్నకొడుకు అమెరికాలో. షుగరుంది, బీపీ ఉంది, మాత్రలు వేసుకున్నారా అంటే "అవే నన్ను వేసుకుంటున్నాయి" అనేవారట.

సరదా మనిషి అని ఊరికే అనేస్తే తెలీదు గానీ, ఒకటి చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి అందర్నీ పిలవాలంటే మెట్ల కింద నిలబడి ముక్కు పట్టుకుని స్టేషన్లో మైకు గొంతు పెట్టేవారు. "దయచేసి వినండి. కిరండూల్ నుండి అరకు మీదుగా విశాఖపట్నం రావలసిన మామిడికాయ పప్పు మరికొద్ది సేపటిలో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును. వంకాయ కూర ఇరవై నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతించుచున్నాము." ఆ చివరి ముక్క అనేటప్పుడు కచ్చితంగా భార్య వైపు చూసేవారట. మనవడికి ఇదంతా అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా కురుసుర సబ్‌మెరైన్ చూపించి "ఇది నాదేరా, 1969లో నేవీకి అద్దెకిచ్చాను, 2001లో ఖాళీ చేసీసారు, ఇంట్లో పెట్టుకోడానికి చోటులేక ఇక్కడ పెట్టించాను" అని చెప్పేవారు. సంవత్సరాలు రెండూ కరెక్టే, అక్కడే ఉంది ఆయన తెలివి, అబద్ధానికి తేదీలు మాత్రం నిజమైనవి వాడేవారు. పిల్లాడు అది స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పాడు.

పెద్దాయన వినాయక చవితికి కొంచెం ముందు పోయారు. గుండె.

ఎందుకొచ్చారు

వచ్చింది పెద్దకొడుకు, ఏడో నెలలో. నలభై నాలుగేళ్ళు. రాత్రి రెండింటికి గుండె దడతో లేచి కూర్చుంటున్నాడు, ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించుకున్నాడు, అన్నీ నార్మల్, ఆ డాక్టరుగారే నా దగ్గరికి పంపారు. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితంలో 27కి 17 వచ్చింది, ఎక్కువొస్తే ఎక్కువున్నట్టు. చనిపోవాలనే ఆలోచన గురించి ఆ కాగితం మీద ప్రశ్న ఉన్నా నేను నోటితో కూడా విడిగా అడుగుతాను, లేదన్నాడు, అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఫోన్లో సేవ్ చేయించాను.

మొదటి రోజే "నేను ఏ స్టేజిలో ఉన్నాను మేడం" అని అడిగాడు. దుఃఖానికి ఐదు దశలు అని అందరూ ఎక్కడో చదువుకుని వస్తారు. 1969లో కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు ఆ దశలు చెప్పింది మరణానికి దగ్గరగా ఉన్న రోగులతో మాట్లాడి, వెనకాల మిగిలిపోయినవాళ్ళతో కాదు, అవి మెట్లు కావు ఒక్కొక్కటీ ఎక్కడానికి అని చెప్తే కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

మరి నేను ఏ పేరు పెట్టాలి? డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం ఆర్నెల్లు దాటితే దీర్ఘకాలిక దుఃఖం అనే నిర్ధారణ గురించి ఆలోచించొచ్చు, అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎమ్-5-టీఆర్ పెద్దవాళ్ళకి ఏడాది అంటుంది. కానీ ఆ మనుషుల ఆచారంలో మామూలుగా ఉండేదానికి మించి ఉండాలి అని కూడా అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో మొదటి ఏడాది మొత్తం దుఃఖానికే రాసిపెట్టి ఉంటుంది కదా, పండగ లేదు, పిండివంట లేదు, నెలనెలా మాసికం. కాబట్టి పేరు పెట్టకుండా ఆగాను. ఆ ఆగడం మాత్రం కరెక్టే చేశాననుకుంటున్నా.

ఆ గంటలో నాకు వింతగా అనిపించింది ఇంకోటి. తండ్రి గురించి ఎన్నిసార్లడిగినా "దేవుడిలాంటి మనిషండి" తప్ప ఒక్క సంగతి చెప్పలేదు. మిమ్మల్ని బాగా నవ్వించిన సందర్భం ఏదైనా చెప్పండి అంటే గోడ మీద కేలండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను దాన్ని బాధ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు దొరికిన మొదటి తాళం చెవి అదే, చేతిలో పెట్టుకుని కూడా చూసుకోలేదు.

రెండోసారి కోడలు కూడా వచ్చింది. పెద్దకర్మ రోజు జరిగింది ఆవిడే చెప్పింది. విస్తళ్ళు వేస్తుంటే పిల్లాడు ఎవరూ చెప్పకుండానే మెట్ల కింద నిలబడి ముక్కు పట్టుకుని "దయచేసి వినండి" అన్నాడు. అంతే, వాళ్ళ నాన్న వందమందిలో చెంప మీద కొట్టాడు. అంతకుముందు ఎప్పుడూ పిల్లాడి మీద చెయ్యెత్తిన మనిషి కాదు. అప్పట్నుంచీ పిల్లాడు ఇంట్లో గట్టిగా మాట్లాడ్డం మానేశాడు. వాట్సాప్ గ్రూపు పేరు "నవ్వుల బండి" అని ఉండేది, దాన్ని తీసేసి పెద్దాయన పేరు ముందు స్వర్గీయ పెట్టారు, దాంట్లో ఇప్పుడు పువ్వులూ దండాలూ తప్ప ఏమీ రావు.

నేను చేసింది, బెడిసికొట్టింది

నిద్ర వేళలు, కాఫీ తగ్గించడం, ఊపిరి అభ్యాసం ఇవన్నీ మామూలుగానే చెప్పాను, నాలుగో వంతు ఉపయోగపడ్డాయేమో.

అసలు తప్పు దాని తర్వాత. నా లెక్క ఇలా నడిచింది. ఇంత సరదా మనిషిని వీళ్ళు పటం చేసి గోడకి కొట్టేశారు, మనిషి పోయాడు సరే ఆ సరదా కూడా పోయింది, దాన్ని వెనక్కి తెస్తే దారి దొరుకుతుంది. దానికి తోడు చదువుకున్నది ఉంది కదా. పోయినవాళ్ళతో బంధం తెంచుకోనక్కర్లేదు, కొనసాగించొచ్చు అని 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు చెప్పారు. 1997లో కెల్ట్‌నర్, బొనానో చేసిన అధ్యయనంలో భర్తో భార్యో పోయిన ఆర్నెల్లకి వాళ్ళ గురించి మాట్లాడుతూ నిజంగా నవ్వగలిగినవాళ్ళలో కోపం తక్కువగా, నలుగురితో సంబంధాలు బాగా ఉన్నట్టు తేలింది. అయితే నవ్విస్తే సరి అనుకున్నాను. జ్వరం తగ్గినవాడు ఇడ్లీ అడిగాడని జ్వరంలో ఉన్నవాడి నోట్లో ఇడ్లీ కుక్కితే ఎలా ఉంటుంది? నేను చేసింది అదే.

ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లోనే కింద హాల్లో అందర్నీ కూర్చోబెట్టాను, కూతురూ చిన్నకొడుకూ వీడియో కాల్లో. ఒక్కొక్కరూ నాన్నగారి సరదా సంగతి ఒకటి చెప్పండి అన్నాను. కూతురు సబ్‌మెరైన్ కథ మొదలెట్టింది, ఫోన్లో చిన్నకొడుకు నవ్వాడు, నాకు లోపల హమ్మయ్య అనిపించింది కూడా. అప్పుడే అమ్మగారు లేచి వంటింట్లోకెళ్ళి మిక్సీ వేశారు. పెద్దకొడుకు ఏమీ మాట్లాడకుండా మెట్లెక్కి పైకెళ్ళిపోయాడు. పిల్లాడు కూర్చున్నచోటే కూర్చుని వాళ్ళ నాన్న చేతి వైపే చూస్తున్నాడు. మిక్సీ ఆగలేదు, ఆగకుండా తిరుగుతూనే ఉంది. జార్లో ఏమీ లేదని తర్వాత కోడలు చెప్పింది.

కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను. తర్వాతి వారం అపాయింట్‌మెంట్ కేన్సిల్ చేశారు.

చింతపండు దగ్గర

పది రోజులు చూసి అమ్మగారికి ఫోన్ చేశాను, కౌన్సిలింగ్‌కి కాదమ్మా, ఆ రోజు నొప్పించాను, సారీ చెప్దామని. ఆవిడ "రా అమ్మా, ఊరికే రా" అన్నారు. వెళ్ళేసరికి వాకిట్లో చాపేసుకుని కొత్త చింతపండు గింజ తీస్తున్నారు. నేనూ పీట లాక్కుని కూర్చున్నాను. చేతికి పనుంటే మనిషి ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూడక్కర్లేదు, ప్రశ్న అడగకపోయినా మాట వస్తుంది, నా గదిలో ఉన్న సోఫాకి ఆ గుణం లేదు.

అరగంట అయ్యాక గోడ మీద ఫొటో వైపు గడ్డం ఎత్తి చూపించారు. "సింహాద్రి అప్పన్నకైనా ఏడాదికోరోజు చందనం వలిచి నిజరూపం చూపిస్తారు. ఈయనకి మాత్రం చందనం మీద చందనం పూసీసారు. నేను నలభయ్యారేళ్ళు కాపరం చేసింది ఆ బొమ్మతోటి కాదు కదమ్మా."

ఆవిడ చెప్పిన నిజరూపం ఇది. ఆయన నవ్వించేవారు, ఈవిడ వండేవారు. రాత్రి తొమ్మిదింటికి చెప్పాపెట్టకుండా నలుగుర్ని తీసుకొచ్చేవారు, వాళ్ళంతా పడీపడీ నవ్వుతుంటే ఈవిడ వంటింట్లో మళ్ళీ ఎసరు పెట్టేవారు. చీటీ పాడుకున్న డబ్బు స్నేహితుడికిచ్చి వచ్చి దానిమీద కూడా ఒక జోకు. ఆ బాకీలు ఈవిడ కేలండర్ వెనక పెన్సిల్‌తో రాసుకునేవారు. "ఊరందరికీ ఆయన జోకులు గుర్తు. అంట్లు ఎవరికి గుర్తుంటాయి?" అంటూనే ఆవిడ కొంచెం నవ్వారు, ఏడు నెలల్లో ఆ ఇంట్లో మొదటి నవ్వు అదే అనుకుంటా. అది ప్రేమతో వచ్చిన నవ్వు కాదు, చిరాకుతో వచ్చింది.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలో చింతపండు అలాగే పట్టుకుని "ఆ రాత్రి నేను కూడా నవ్వీసానమ్మా" అన్నారు.

ఆ రాత్రి

ఎనిమిదిన్నరకి భోజనాలయ్యాయి. పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని అదే మైకు గొంతుతో "దయచేసి వినండి, గుండె మీద గూడ్సు బండి ఆగిపోయినది, సిగ్నల్ ఇవ్వవలెను" అన్నారు. నలుగురూ నవ్వారు. ఎందుకు నవ్వరు? అంతకుముందోసారి కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించి పావుగంట లేవని మనిషి. పెద్దకొడుకు మెట్లెక్కుతూ "సిగ్నల్ రెడ్డు నాన్నా, మజ్జిగ తాగి పడుకో" అన్నాడు. అమ్మగారు వాము నీళ్ళిచ్చారు. నలభై నిమిషాల తర్వాత ఒళ్ళంతా చెమటలు, 108కి ఫోను, ఆసుపత్రి. తెల్లారేసరికి లేరు.

నవ్విన ఆ నలుగురూ ఒకే ఇంట్లో అన్ని నెలలు ఉన్నారు, ఒక్కరూ ఇంకొకరికి ఈ మాట చెప్పలేదు. ఎవరి నవ్వు వాళ్ళకే నేరంలా ఉండిపోయింది. పిల్లాడి చెంప మీద దెబ్బ ఎందుకు పడిందో నాకు అప్పుడర్థమైంది, గూడ్సు బండిని ప్రకటించిన గొంతే మళ్ళీ మెట్ల కింద నుంచి వినపడింది మరి. అలాంటి ఇంటికి నేను వెళ్ళి రండి నవ్వుకుందాం అన్నాను.

తర్వాత నడిచిన పని

పెద్దకొడుకు మళ్ళీ వచ్చాడు, అమ్మే పంపింది. ఆవిడ అనుమతితో ఆ రాత్రి సంగతి నేనే ఎత్తాను. "మీ తప్పేం లేదు" అని మాత్రం అనకూడదని ముందే నిర్ణయించుకున్నా. ఆ మాట అతనికి కర్మకి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పారు, విన్న ప్రతిసారీ ఇంక దీని గురించి మాట్లాడకు అన్నట్టే వినపడింది. పైగా అది నిజమో కాదో నాకు తెలీదు. షుగరున్నవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి గ్యాసులాగో నీరసంలాగో వస్తుంది, గట్టి నొప్పి ఉండకపోవచ్చు, అది ఒక నిజం. గుండెపోటులో ప్రతి నిమిషం లెక్కే, అదీ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అతను ఆ రాత్రే గూగుల్లో రెండోది చదువుకుంటాడు.

అందుకని ఆ రోజు చూసిన డాక్టరుగార్ని బతిమాలి కేసు షీటు ముందు పెట్టుకుని అతనితో కూర్చోమన్నాను. ఆయన చెప్పింది ఇంతే: ముందొచ్చుంటే అవకాశం పెరిగేది, బతికేవారని మాత్రం ఎవరూ రాసివ్వలేరు. విని బయటికొచ్చి పార్కింగ్‌లో చాలాసేపు ఏడ్చాడు. ఓదార్చకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి ఆయనే అన్నాడు.

తర్వాతి సెషన్‌లో స్టీలు కంచం బోర్లించి కాగితం మీద గుండ్రం గీశాం. బాధ్యతని ముక్కలు కోయడం, మా పనిలో పాత పద్ధతే. తన వాటా ఎంత అని ముందు అడిగితే తొంభై శాతం అన్నాడు. ఇక్కడో చిన్న కిటుకుంది, తన ముక్క చివర్లో కోయించాలి. ముందు మిగతావన్నీ. షుగరు. బీపీ. మానేసిన మాత్రలు. ముప్పై ఏళ్ళ సిగరెట్లు. చెకప్‌కి రమ్మంటే తప్పించుకోవడం. నిజం నొప్పిని కూడా జోకు చేసి చెప్పే అలవాటు, దీనికి మాత్రం పెన్ను చాలాసేపు ఆగింది, తండ్రికి వాటా ఇవ్వడం అతనికి పాపంలా అనిపించింది. అన్నీ కోశాక మిగిలింది సన్నటి ముక్క. "మరి దీన్నేం చెయ్యాలి?" అన్నాడు. ఉంచుకోండి అన్నాను, సున్నా చెయ్యడం నా ఉద్దేశం కాదు.

ఆఖర్న తల్లీకొడుకుల్ని ఇద్దర్నే కూర్చోబెట్టాను. అందర్నీ ఎందుకు పిలవలేదంటే ఒకసారి చెయ్యి కాలింది కదా. నేను వాము నీళ్ళిచ్చాను అని ఆవిడ, నేను రెడ్ సిగ్నల్ అన్నాను అని అతను. ఆ తర్వాత హుద్‌హుద్ మాట వచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల లెక్కలో గాలి, పెరటి తలుపు ఊడి ఎగిరిపోయింది, అందరూ దేవుడి గదిలో దూరి కూర్చుంటే పెద్దాయన "తుఫాన్ స్పెషల్ ఎక్స్‌ప్రెస్ మన ఇంటి మీదుగా వెళ్ళుచున్నది, కిటికీలోంచి చేతులు బయట పెట్టరాదు" అంటూ గాలి తగ్గేదాకా నవ్విస్తూనే ఉన్నారు. తగ్గాక టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయారట, చేతులు అంతలా వణికాయి.

చెప్తూ చెప్తూ కొడుకు ఆగిపోయాడు. "నాన్నకి భయం వేస్తేనే ఎక్కువ జోకులేసేవారు కదమ్మా."

ఆ మాటకి నాకు గుండె జారిపోయింది. అంటే ఆ రాత్రి కూడా ఆయనకి భయం వేసింది, ఆయన పిలిచారు, వీళ్ళు నవ్వారు, ఇప్పుడు దాన్నే పట్టుకుని ఇద్దరూ ఇంకా లోతుకి జారిపోతారని ఏదో ఒకటి అనబోయాను కూడా. అనలేదు. అమ్మగారే అన్నారు. "భయం వేసే ఉంటాది. మనకి వెయ్యకూడదనే అలా అన్నారు. మనం నవ్వాం. మనం అప్పుడే గోల పెట్టీసుంటే ఆయనకింకా భయం వేసీది." ఇది సరైన తర్కమేనా అని మీరు అడగొచ్చు. నాకు తెలీదు. నేను చెప్పుంటే మాత్రం చవకబారు ఓదార్పయ్యేది, నలభయ్యారేళ్ళు పక్కనున్న మనిషికి ఆ మాట అనే హక్కుంది.

పిల్లాడి సంగతి తేలిగ్గా అయిపోయింది. ఒక ఆదివారం వాళ్ళ నాన్న బీచ్‌కి తీసుకెళ్ళి, చెరో మురీ మిక్చరు పొట్లం పట్టుకుని, ఆ రోజు కొట్టాను, తప్పు నాది, నీ గొంతు తాతయ్య గొంతులా ఉంటే భయమేసింది అని చెప్పాడు. పిల్లాడు అదంతా విని "అయితే తాతయ్య సబ్‌మెరైన్ ఇప్పుడు ఎవరిది?" అని అడిగాడట.

నేను మార్చుకున్నవి

కొత్తగా వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునే నా ఇన్‌టేక్ కాగితంలో "పోయినవారి గురించి మంచి జ్ఞాపకం" అని ఒక గడి ఉండేది. ఇప్పుడు దానికి ముందు ఇంకోటి పెట్టాను, చివరి గంటల్లో ఎవరెవరు ఎక్కడున్నారు, ఏం మాట్లాడుకున్నారు. అది నిండేదాకా రెండోది అడగను. పోయింది సరదా మనిషైతే ఆ సరదాకి వెనకాల ఎసరు పెట్టిందెవరో వాళ్ళతో విడిగా ఒకసారి మాట్లాడతాను, అదీ వీలైతే వాళ్ళ వంటింటి దగ్గరే. అయితే ఈ నెమ్మది అందరికీ కాదు, చనిపోవాలనే ఆలోచనలున్నా, తిండి నిద్ర పూర్తిగా పోయినా సైకియాట్రిస్టుకి చూపించడం ముందు, కథలు తర్వాత. ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద అమ్మగారు 108 అని పెద్దక్షరాల్తో అంటించారు, జోకైనా సరే ముందు ఫోన్ చెయ్యండి తర్వాత నవ్వుకుందాం అని ఆవిడ ఆర్డరు.

సంవత్సరీకానికి ఏం చెయ్యాలో నేనేం చెప్పలేదు. కోడలు ఫోన్లో చెప్పింది. బ్రాహ్మడు వెళ్ళిపోయాక, ఇంట్లోవాళ్ళకి విస్తళ్ళు వేస్తుంటే అమ్మగారు మనవడి వైపు తిరిగి "ఏటిరా, పప్పు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తున్నాది?" అన్నారట. వాడు వెంటనే వాళ్ళ నాన్న మొహం చూశాడు. నాన్న ముక్కు పట్టుకున్నాడు. "దయచేసి వినండి" దగ్గర్నుంచి వంకాయ కూర ఆలస్యం దాకా బాగానే వచ్చాడు గానీ "మీకు కలిగిన" దగ్గర గొంతు ఆగిపోయింది. ఆ మిగతా ముక్క అమ్మగారే పూర్తి చేశారు.

పద్నాలుగో నెలలో పెద్దకొడుకు పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. దడ ఆ మధ్యలో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ లేచి మంచినీళ్ళు తాగి పడుకున్నాడు. ఫైలు మాత్రం ఇంకా మూయలేదు, ఎందుకంటే ఇప్పుడు చిన్నకొడుకు ఫోన్ చేస్తున్నాడు. అన్నయ్యా అమ్మా ఆ రాత్రి గురించి మాట్లాడుకుంటుంటే వినలేకపోతున్నాడట, వాళ్ళకి కనీసం ఆ నవ్వైనా ఉంది, నేను ఆ నవ్వులో కూడా లేను అన్నాడు. దానికి నా దగ్గర ఇంకా ఏమీ లేదు. గురువారం పొద్దున్న ఏడింటికి మళ్ళీ మాట్లాడతాం.